యాక్టింగ్ డ్రైవర్‌కి ఫెరారీ ఇస్తే

హైదరాబాద్ శివార్లలో బీరంగూడ కమాన్ నుంచి అమీన్‌పూర్ దాకా ఏ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడిగినా ఒక యాక్టింగ్ డ్రైవర్ నంబర్ దొరుకుతుంది. తిరుపతికో శ్రీశైలానికో పోవాలి, ఇంట్లో కారుంది, రాత్రంతా నడిపే ఓపిక లేదు. అప్పుడు పిలిపించుకునే మనిషి అతను. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి తాళాలు తీసుకుంటాడు. సీటు వెనక్కి జరుపుతాడు, అద్దం సరిచేస్తాడు, క్లచ్ ఒకసారి ఊరికే తొక్కి వదులుతాడు. ఫస్ట్ గేర్ వేసి కాలు లేపగానే బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. వెనక సీట్లోంచి పెద్దావిడ "ఏం బాబూ, నీకు బండి వచ్చా?" అని అడగనే అడుగుతుంది. అతనేమో ఇరవై ఏళ్లుగా లారీలు, ఇన్నోవాలు తోలినవాడు. ఈ కారు క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో అతని కాలికి ఇంకా తెలియదు, అంతే. ముత్తంగి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కేసరికి ఆ కుదుపు సంగతి ఎవరికీ గుర్తుండదు.

ముత్తంగి దాకా గడువివ్వకుండా, మొదటి కిలోమీటరు నుంచే, ప్రపంచమంతా టీవీలో చూస్తుండగా, సెకనులో పదో వంతు కూడా వృథా కాకుండా నడపమంటే? 2009 ఆగస్టులో లూకా బడోయర్ అనే ఇటలీ డ్రైవర్‌కి ఇదే జరిగింది. అతనికిచ్చిన బండి ఫెరారీ.

ఆ ఏడాది జులై 25న హంగరీలో, పందెంలో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే ఫార్ములా వన్ క్వాలిఫయింగ్ నడుస్తోంది. రూబెన్స్ బారికెల్లో కారు వెనక భాగంలోంచి ఒక స్ప్రింగ్ ఊడింది. వెనకాలే వస్తున్న ఫెరారీ డ్రైవర్ ఫెలిపే మస్సా హెల్మెట్‌కి అది వచ్చి తగిలింది. పుర్రె ఎముక చిట్లింది. మస్సా ప్రాణాలతో బయటపడ్డాడు గానీ ఆ సీజన్‌కి ఇక కారెక్కే పరిస్థితి లేదు. ఫెరారీ ముందు మైకెల్ షుమాకర్‌ని అడిగింది. ఏడుసార్లు ప్రపంచ చాంపియన్, పందాలు మానేసి మూడేళ్లు కావస్తోంది. సరేనన్నాడు, కసరత్తు మొదలుపెట్టాడు, ఆగస్టు 11న నా వల్ల కాదన్నాడు. అడ్డుపడింది మెడ. ఆ ఫిబ్రవరిలో మోటార్‌సైకిల్ మీంచి పడ్డప్పటి దెబ్బ ఇంకా మానలేదు.

అలా అవకాశం బడోయర్‌కి వచ్చింది. అప్పటికి అతని వయసు 38. 1992లో ఫార్ములా 3000 చాంపియన్. ఫార్ములా వన్‌లో మాత్రం చిన్న జట్ల కార్లే దక్కాయి. 1999లో నూర్‌బర్గ్‌రింగ్‌లో మినార్డీ కారుతో నాలుగో స్థానంలో పోతూ ఉండగా, ఇంకో 13 ల్యాప్‌లు ఉన్నాయనగా గేర్‌బాక్స్ పోయింది. కారు పక్కనే కూలబడి ఏడ్చాడు. అదే ఏడాది షుమాకర్ కాలు విరిగినప్పుడు ఫెరారీ తన టెస్ట్ డ్రైవర్ అయిన ఇతన్ని కాదని మికా సాలోని ఎక్కించింది. 1999 అక్టోబరు 31న జపాన్‌లోని సుజుకాలో బడోయర్ చివరి రేసు ఆడాడు. మళ్లీ పందెంలో కూర్చున్నది 2009 ఆగస్టు 23న, స్పెయిన్‌లోని వాలెన్సియాలో. మధ్యలో దాదాపు పదేళ్లు.

వాలెన్సియాలో శుక్రవారం ప్రాక్టీసులోనే పిట్ లేన్‌లో నాలుగుసార్లు వేగ పరిమితి దాటి జరిమానాలు కట్టాడు. శనివారం క్వాలిఫయింగ్‌లో ఆఖరి స్థానం. తనకు ముందున్న డ్రైవర్ కంటే కూడా దాదాపు ఒకటిన్నర సెకను వెనక. ఆదివారం 17వ స్థానం. అదే రకం కారులో కిమి రైకోనెన్ మూడో స్థానంలో వచ్చాడు. వారం తర్వాత బెల్జియంలోని స్పాలో రైకోనెన్ ఏకంగా గెలిచాడు. బడోయర్ పందెం పూర్తిచేసిన వాళ్లందరిలో చివరివాడు. ఇటలీ పత్రికలు ఏకిపారేశాయి. రెండు రేసులతో కథ ముగిసింది.

ఒకటిన్నర సెకను అంటే ఆ ట్రాక్ మీద వందలో ఒకటిన్నర వంతు. బీరంగూడ నుంచి లింగంపల్లికి ఇరవై నిమిషాలు పడితే, దానిలో పద్దెనిమిది సెకన్లు. మనకు లెక్కలోకే రాదు. అక్కడ ఆ తేడాతోనే మనిషి పరువు పోయింది.

ఇక్కడొక చిక్కు ముడి ఉంది. బడోయర్ కారు ముట్టుకోకుండా పదేళ్లు ఇంట్లో కూర్చున్నవాడు కాదు. ఆ పదేళ్లూ అతను ఫెరారీ టెస్ట్ డ్రైవర్. టెస్టింగ్‌లో లక్ష కిలోమీటర్లకు పైగా తోలాడు. షుమాకర్ వరసగా గెలిచిన కార్లకు మెరుగులు దిద్దిన చేతుల్లో అతని చేతులూ ఉన్నాయి. మరి ఏం పోయినట్టు?

చేతికి గుర్తుండేది, బుర్ర మరిచేది

మరపు మీద మొదట శాస్త్రీయంగా లెక్కలు కట్టినవాడు జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్. 1885లో ప్రచురించాడు. అర్థం లేని అక్షరాల కూర్పులు బట్టీపట్టి, ఎన్ని రోజులకు ఎంత మరిచిపోతున్నాడో తన మీదే కొలుచుకున్నాడు. అతను కనిపెట్టిన వాటిలో నాకు ఎక్కువ నచ్చేది మరపు గీత కాదు. పూర్తిగా మరిచిపోయామనుకున్నదాన్ని రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారికంటే తక్కువ సమయం పడుతుందన్న మాట. అంటే లోపల ఏదో మిగిలే ఉంటుంది.

శరీరంతో చేసే పనుల్లో ఆ మిగిలేది చాలా ఎక్కువ. 1962లో ఫ్లీష్‌మన్, పార్కర్ అనే అమెరికా పరిశోధకులు విమానం నడపడం లాంటి ఒక పని నేర్పించి, తర్వాత కొందరిని రెండేళ్ల దాకా దాని దగ్గరికి రానివ్వలేదు. తిరిగొచ్చాక చూస్తే నైపుణ్యం పెద్దగా తగ్గలేదు. తగ్గిన కాస్తా కొద్దిసేపటి అభ్యాసంతోనే వెనక్కి వచ్చింది. ఆగకుండా చూస్తూ, సరిచేసుకుంటూ సాగే పనులు ఇలా నిలబడతాయి. స్టీరింగ్ తిప్పడం అలాంటిదే, ఈత కూడా.

త్వరగా చెరిగిపోయేవి వేరే ఉన్నాయి. మొదట ఇది నొక్కాలి, తర్వాత అది తిప్పాలి, ఆపైన ఇంకొకటి చూసుకోవాలి అన్న వరస పనులు. ఒక్క మెట్టు జారినా మిగతా శరీరం మనల్ని హెచ్చరించదు. విమానయానంలో ఇది బాగా తెలుసు గనకే, గత 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేయని పైలట్‌ని ప్రయాణికులతో ఎగరనివ్వరు. ఇరవై వేల గంటల అనుభవం ఉన్నా సరే, ముందు సిమ్యులేటర్ ఎక్కి రావాల్సిందే. కోవిడ్ కాలంలో శంషాబాద్‌తో సహా అన్ని చోట్లా విమానాలు నేల మీద నిలబడిపోయినప్పుడు కంపెనీలకు పెద్ద తలనొప్పి అయింది ఈ నిబంధనే.

ఇప్పుడు ఆ పిట్ లేన్ జరిమానాలు చూడండి. పిట్ లేన్ గీత దాటే ముందు బ్రేక్ వేసి, స్టీరింగ్ మీద ఒక బటన్ నొక్కాలి. అప్పుడు కారు పరిమితి మించి పోదు. చిన్నపిల్లాడైనా చేయగల పని. నాలుగుసార్లు తప్పింది. నా దృష్టిలో వాలెన్సియాలో బడోయర్ గురించి అన్నిటికంటే ఎక్కువ చెప్పే సంగతి ఇదే. మలుపులు తిప్పడం చేతులకు గుర్తుంది. పందెం రోజు పనుల వరస అలవాటు తప్పింది. దానికి తోడు 2009 కారు స్టీరింగ్ మీద కొత్త పనులు వచ్చి చేరాయి. బ్రేక్ వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని దాచిపెట్టే కెర్స్ పరికరం ఆ ఏడాదే వచ్చింది. దానితో ల్యాప్‌కి ఆరున్నర సెకన్లపాటు దాదాపు 80 హార్స్‌పవర్ అదనంగా దొరుకుతుంది. ఎక్కడ వాడాలో డ్రైవరే చూసుకోవాలి. ముందు రెక్క కోణాన్ని కూడా కారు పోతుండగానే మార్చుకోవచ్చు. వీటిని చూసుకోవాల్సిన ధ్యాస, తర్వాతి మలుపు ఎంత దూరంలో ఉందో ఆలోచించాల్సిన ధ్యాస ఒకటే. దానికి ఒకేసారి రెండు పనులు చెబితే రెంటికీ ఆలస్యమవుతుంది.

ఒక సెకను ముందు బతకడం

గంటకు 300 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 83 మీటర్లు. కంటికి కనిపించినదానికి చెయ్యి స్పందించడానికి ఎంత చురుకైన మనిషికైనా సెకనులో దాదాపు ఐదో వంతు పడుతుంది. ఆలోపు కారు 17 మీటర్లు వెళ్లిపోతుంది. కాబట్టి రేసింగ్ డ్రైవర్ చూసి స్పందిస్తున్నాడని మనం అనుకోవడం భ్రమ. అతను ముందే ఊహించి చేస్తున్నాడు. కారు ఏం చేయబోతోందో లోపల ఒక లెక్క నడుస్తుంటుంది. చేతులు ఆ లెక్క ప్రకారం కదులుతాయి. కళ్లు, చెవులు, వీపు కింద సీటు, ఇవన్నీ లెక్క తప్పిందా లేదా అని సరిచూస్తాయి.

ఆ లెక్క ఎక్కువగా మెదడు వెనక కింది భాగంలో ఉండే సెరెబెల్లంలో తయారవుతుంది. దీన్ని కొలిచిన ఒక అందమైన ప్రయోగం ఉంది. బ్రిటన్‌లో మైకెల్ ల్యాండ్, బెంజమిన్ టాట్లర్ 2001లో ప్రచురించిన పరిశోధన కోసం టోమాస్ షెక్టర్ అనే రేసింగ్ డ్రైవర్‌కి కళ్ల కదలికలు రికార్డు చేసే కెమెరా తగిలించి మాలరీ పార్క్ ట్రాక్ మీద తిప్పారు. అతని తల ఎటు తిరిగి ఉందో చూస్తే, సుమారు ఒక సెకను తర్వాత కారు ఎంత వేగంగా మలుపు తిరగబోతోందో చెప్పగలిగారు. తల ముందే ఆ మలుపులోకి వెళ్లిపోయింది, కారు వెనకాల వచ్చింది.

ఇంత కచ్చితమైన లెక్క ఒక ట్రాక్‌కి, ఒక కారుకి, ఆ రోజు ఉన్న టైర్లకి కట్టుబడి ఉంటుంది. గోడ మీది ఏ మచ్చ దగ్గర బ్రేక్ వేయాలి, ఏ మలుపులో అంచు ఎక్కితే కారు ఎగిరిపడుతుంది, ఇలాంటి వందల గుర్తులు అందులో భాగం. వాలెన్సియా వీధి సర్క్యూట్ 2008లోనే మొదలైంది. 25 మలుపులు. బడోయర్ దాని మీద ఎప్పుడూ తోలలేదు. 2009 నాటి ఫెరారీలో కూడా పెద్దగా తిరగలేదు. ఖర్చు తగ్గించాలని ఆ ఏడాది నుంచే సీజన్ మధ్యలో టెస్టింగ్ నిషేధించారు. టెస్ట్ డ్రైవర్ ఉద్యోగం పేరుకి మిగిలింది, టెస్టులు పోయాయి. గాడులు లేని నున్నటి టైర్లు కూడా 1997 తర్వాత మళ్లీ ఆ ఏడాదే వచ్చాయి.

నెమ్మదిగా పోతే జారే కారు

ఇక టైర్ల సంగతి. బీరంగూడ మీదుగా పోయే ముంబై హైవే మీద పటాన్‌చెరు, సంగారెడ్డి దాటి వెళ్తే సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ కర్మాగారం ఉంది. అక్కడ పనిచేసేవాళ్లకు రబ్బరు స్వభావం కొత్తగా చెప్పక్కర్లేదు. చల్లగా ఉంటే బిగుసుకుంటుంది, వేడెక్కితే మెత్తబడి రోడ్డులోని సన్నటి గరుకును పట్టుకుంటుంది. అతిగా వేడెక్కితే జిగటగా మారి జారుతుంది. ఫార్ములా వన్ టైరు బాగా పట్టు ఇచ్చేది ఉరామరిగా 90, 110 డిగ్రీల సెల్సియస్ మధ్య. ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? పందానికి ముందు దుప్పట్లు చుట్టి కొంత వేడి చేస్తారు. ట్రాక్ మీదికి వెళ్లాక నిలబెట్టాల్సింది డ్రైవరే. గట్టిగా మలుపు తిప్పాలి, గట్టిగా బ్రేక్ వేయాలి. రబ్బరు నలిగి వేడి పుడుతుంది.

గాలి కూడా ఇదే కోవలోది. కారు రెక్కల మీద గాలి కిందికి నొక్కే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నొక్కుడు నాలుగింతలు. అంటే గంటకు 220 కిలోమీటర్లతో పోతే అతుక్కుని తిరిగే మలుపులో 190తో పోతే కారు తేలికపడుతుంది. కార్బన్ బ్రేకులూ అంతే, వందల డిగ్రీలు వేడెక్కితేగానీ సరిగా పట్టవు.

ఇందులోని కిటుకు గమనించారా? నమ్మకం లేక కొంచెం నెమ్మదిగా వెళ్లిన డ్రైవర్‌కి టైరు చల్లబడుతుంది, గాలి నొక్కుడు తగ్గుతుంది, బ్రేకు పట్టు సడలుతుంది. కారు నిజంగానే జారుతుంది. "చూశావా, నా భయం నిజమే" అని మెదడు రాసిపెట్టుకుంటుంది. తర్వాతి ల్యాప్‌లో ఇంకొంచెం ముందే బ్రేక్ పడుతుంది. పక్క కారులోని రైకోనెన్‌కి అదే ఫెరారీ గట్టిగా పట్టుకుని తిరుగుతోంది. బయట నుంచి చూసేవాళ్లకు రెండూ ఒకే బండ్లు. లోపల కూర్చున్నవాళ్లకు కావు. మామూలు రోడ్డు మీద మనకున్న ఇంగితం, జాగ్రత్తగా పోతే క్షేమం అన్నది, ఇక్కడ తలకిందులవుతుంది. ఈ ఊబిలోంచి బయటికి రావడానికి ల్యాప్‌లు కావాలి, పదులకొద్దీ. వారాంతంలో దొరికేవి చాలవు.

దీనికి రుజువు స్పా తర్వాత దొరికింది. ప్రయోగశాలలో చేసినా ఇంత బాగా కుదరదు. స్పాలో రైకోనెన్‌కి సెకను కూడా తేడా లేకుండా రెండో స్థానంలో వచ్చినవాడు జియాంకార్లో ఫిసికెల్లా. నడిపింది మన విజయ్ మాల్యా జట్టు ఫోర్స్ ఇండియా కారు. ఆ జట్టుకి అవే మొదటి పాయింట్లు. ఫెరారీ వెంటనే బడోయర్‌ని దించి ఫిసికెల్లాని ఎక్కించింది. పందాల్లో లేకుండా పోయిన పదేళ్లు అతనికి లేవు. అంతకు ముందు రేసులోనే క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం, పోల్ పొజిషన్, కొట్టిన మనిషి. ఫెరారీలో ఐదు రేసులు ఆడాడు. ఒక్క పాయింటు రాలేదు. మోంజాలో తొమ్మిదో స్థానమే అతని మెరుగైన ఫలితం.

అయినా ఫిసికెల్లా ఆఖరివాడుగా మిగల్లేదు, బడోయర్ మిగిలాడు. ఆ తేడా పదేళ్ల ఎడబాటుది. టెస్ట్ డ్రైవర్ ఖాళీ ట్రాక్ మీద, ఇంజనీర్ చెప్పిన వేగానికి, ల్యాప్ తర్వాత ల్యాప్ ఒకేలా తోలతాడు. మార్చిన భాగం మంచిదా చెడ్డదా తేలాలంటే డ్రైవర్ మారకూడదు. ఆ పనిలో అతను దిట్ట. పందెంలో ఒకే ఒక్క ల్యాప్‌లో ఉన్నదంతా పిండాలి, పక్కవాడు లోపలి నుంచి దూరినప్పుడు గీత మార్చుకోవాలి. ఏ పని అభ్యసిస్తే ఆ పనే వస్తుంది, దాని పక్క పని రాదు అని అమెరికా శరీర విద్యా శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ హెన్రీ 1950ల్లోనే వాదించాడు. లక్ష కిలోమీటర్లు తిరిగినా పందెం అభ్యాసం కింద జమ కాలేదు.

తిరిగొచ్చి నెగ్గినవాళ్లూ ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. నికీ లౌడా రెండు సీజన్లు మానేసి 1982లో వచ్చి మూడో రేసులోనే గెలిచాడు. అతనికి ముందు టెస్టింగ్ దొరికింది. 2020 ఆగస్టులో కోవిడ్ సోకిన సెర్జియో పెరెజ్ బదులు నికో హల్కెన్‌బర్గ్‌ని హఠాత్తుగా పిలిచారు. సిల్వర్‌స్టోన్‌లో మొదటి ఆదివారం కారు స్టార్టే కాలేదు. అదే ట్రాక్ మీద మరుసటి వారం మూడో స్థానం నుంచి మొదలుపెట్టి ఏడోవాడుగా వచ్చాడు. అతను దూరమైంది ఎనిమిది నెలలు. పైగా అది పాత పేరుతో ఉన్నప్పుడు అతను ఎన్నో ఏళ్లు ఆడిన జట్టే. అక్టోబరులో జర్మనీలో మళ్లీ పిలుపొస్తే ప్రాక్టీసే లేకుండా ఆఖరి స్థానం నుంచి ఎనిమిదికి చేరాడు. ఎబింగ్‌హాస్ చెప్పిన ఆదా అంటే ఇదే.

మన దేశం నుంచి చెప్పాలంటే నరైన్ కార్తికేయన్. 2005లో జోర్డాన్ జట్టుతో ఫార్ములా వన్ ఆడిన మొదటి భారతీయుడు. ఆ తర్వాత ఐదేళ్లు దూరం. 2011లో హిస్పానియా జట్టుతో మెల్‌బోర్న్‌లో తిరిగొస్తే క్వాలిఫై కూడా కాలేకపోయాడు. కారు సరిగా తిరిగి చూసుకోవడానికే సమయం దొరకలేదు, జట్టులోని రెండో డ్రైవర్ లియుజీదీ అదే గతి. సీజన్ మధ్యలో సీటు డేనియల్ రికియార్డోకి ఇచ్చేశారు. నాలుగు నెలలు పక్కన కూర్చున్నాక, అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో జరిగిన తొలి భారత గ్రాండ్ ప్రికి లియుజీ స్థానంలో మళ్లీ ఎక్కించారు. ఆ రోజు 17వ స్థానంలో, రికియార్డో కంటే ఒక మెట్టు ముందు వచ్చాడు. సొంతగడ్డ పట్టుదల అని అందరూ రాశారు. ఉండొచ్చు. ఇంకో కారణం కూడా నాకు కనిపిస్తుంది: ఆ పందెం జరిగిన బుద్ధ్ సర్క్యూట్ అందరికీ కొత్తదే. మిగతావాళ్ల తలలో కూడా అక్కడి గోడలు, మచ్చలు లేవు. అందరూ సున్నా నుంచి మొదలుపెట్టే చోట, దూరంగా ఉండి వచ్చినవాడి లోటు సగం మాసిపోతుంది.

అలాంటి చోటు మనకూ ఒకటి వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 18 మలుపుల వీధి ట్రాక్ మీద ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారుచేసే మహీంద్రా జట్టుని చూడటానికి మన వైపు నుంచి బస్సులు మారి నెక్లెస్ రోడ్ చేరినవాళ్లు చాలామందే. ఆ పందెంలో ఒక బదులు డ్రైవర్ ఉన్నాడని ఎంతమంది గమనించారో. మెక్సికోలో చెయ్యి విరిగిన రాబిన్ ఫ్రైన్స్ స్థానంలో దక్షిణాఫ్రికాకి చెందిన కెల్విన్ వాన్ డర్ లిండా నడిపాడు. వేరే రకం పందాల్లో చురుగ్గా ఉన్నవాడే, ఎలక్ట్రిక్ కారు మాత్రం కొత్త. అక్కడ వేగంతో పాటు బ్యాటరీ పొదుపు కూడా క్షణక్షణం లెక్కే.

మెడ, చెమట

శరీరం సంగతి చివరికి పెట్టాను గానీ అది చిన్నది కాదు. తల, హెల్మెట్ కలిపి ఆరు కిలోల పైమాటే. వేగమైన మలుపులో ఐదు జీల బలం, అంటే బరువుకి ఐదు రెట్లు, పక్కకి లాగితే మెడ మీద పడేది 30 కిలోలకు పైగా. ల్యాప్‌లో అలాంటి మలుపులు ఎన్నుంటే అన్నిసార్లు, గంటన్నర సేపు. ఈ కండరాన్ని జిమ్‌లో కొంత పెంచొచ్చు, కారులో పెరిగినట్టు పెరగదు. మెడ అలిసిపోయి తల వాలితే చూపు ఊగుతుంది, ఇందాక చెప్పిన ఒక సెకను ముందుచూపు చెదిరిపోతుంది. షుమాకర్ ఆగిపోయింది ఊరికే కాదు.

వేడి ఇంకొకటి. కాక్‌పిట్‌లో 50 డిగ్రీల దాకా పోతుంది, ఒంటి మీద నిప్పంటని మందపాటి దుస్తులు, గుండె నిమిషానికి 160, 170 సార్లు కొట్టుకుంటుంది. వేడి రోజుల్లో ఒక్క పందెంలో రెండు మూడు కిలోల నీరు చెమటగా పోతుంది. 2023 అక్టోబరులో ఖతార్‌లో ప్రతివారం ఆడేవాళ్లే తట్టుకోలేకపోయారు. ఒకరు హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నారు, ఇంకొకరు మధ్యలోనే కారు ఆపేశారు.

వేడికి అలవాటు పడటం మనసుకి సంబంధించిన మొండితనం అనుకుంటాం. అది రక్తంలో, చెమట గ్రంథుల్లో జరిగే మార్పు. రోజూ వేడిలో పనిచేస్తే ఒకటి రెండు వారాల్లో రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. పని మానేస్తే ఇవన్నీ వెనక్కి పోతాయి. వారం గ్యాప్‌తోనే తేడా తెలుస్తుంది. నెల దాటితే దాదాపు మొదటికొస్తుంది. ఇందులో చాంపియన్‌కి, కూలీకి తేడా లేదు.

ఈ లెక్క ఫెరారీ కంటే మన బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడల షెడ్లకే ఎక్కువ పనికొస్తుంది. ఇక్కడ ఫర్నేసుల దగ్గర, బాయిలర్ల దగ్గర నిలబడేవాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. హోళీకి ఊరెళ్తారు, మూడు వారాలో నెలో ఉండి ఎండలు ముదిరే వేళకి తిరిగొస్తారు. "పాతవాడే, పని తెలిసినవాడే" అని సూపర్‌వైజర్ మొదటి రోజే పూర్తి షిఫ్ట్ వేస్తాడు. పని తెలియడం వేరు, ఒంటికి ఆ వేడి అలవాటు ఉండటం వేరు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ దీనికి తేలికైన లెక్క ఇచ్చింది. సెలవు నుంచి వచ్చిన అనుభవజ్ఞుడికి వేడి దగ్గర మొదటి రోజు సగం పని, రెండో రోజు 60 శాతం, మూడో రోజు 80 శాతం, నాలుగో రోజుకి పూర్తి పని. బొత్తిగా కొత్తవాడికైతే మొదటి రోజు 20 శాతంతో మొదలుపెట్టి రోజుకో 20 పెంచాలి. నీళ్లు, నీడ, మధ్యలో విరామం ఎలాగూ తప్పవు.

ఏప్రిల్‌లో షిఫ్ట్ చార్టు వేసే సూపర్‌వైజర్లు, మనుషుల్ని పంపే కాంట్రాక్టర్లు ఈ నాలుగు రోజుల లెక్కని గేటు దగ్గర నోటీసు బోర్డు మీద తెలుగులోనూ, హిందీలోనూ, ఒడియాలోనూ రాసి అంటించండి. ఊరి నుంచి వచ్చినవాణ్ని ఆ పూటే కొలిమి ముందు నిలబెట్టకండి.